పందిట్లో పెళ్లి, మైకులో ఎడబాటు

చైత్ర శుద్ధ నవమి నాడు కొత్తపేటలో ఏ గల్లీలోకి తిరిగినా ఒక పందిరి అడ్డొస్తుంది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో దిగి, మెట్లు దిగేలోపే మైకు చెవిన పడుతుంది. పందిట్లో కొబ్బరాకులు, మామిడి తోరణాలు, స్టీలు డ్రమ్ములో పానకం, ఆకు దొన్నెల్లో వడపప్పు. పట్టుబట్ట పరిచిన బల్ల మీద ఉత్సవ విగ్రహాలు, అటూ ఇటూ పీటల మీద కాలనీ దంపతులు. పంతులుగారు సంకల్పం చెప్పేముందు కొంతసేపు, తలంబ్రాలయ్యాక జనం పానకానికి లైను కట్టినప్పుడు ఇంకొంతసేపు పాటలు. మొదట 1961 నాటి ‘సీతారామ కల్యాణం’ లోని పెళ్లి పాట. అది సందర్భానికి తగ్గదే. దాని వెనకే, ఎవరూ పురమాయించకుండానే, ‘లవకుశ’ మొదలవుతుంది.

మన ఇళ్లలో పెళ్లి జరుగుతుండగా సన్నాయివాళ్లు ఏడుపు పాట ఎత్తుకుంటే ఊరుకుంటామా? మేనత్తో పెద్దమ్మో లేచి వచ్చి అక్కడికక్కడే ఆపించేస్తుంది. దేవుడి పెళ్లికి మాత్రం, నిండు చూలాలిని మొగుడు అడవుల పాలు చేసిన కథ పెడతాం. ఆ అడవిలో పుట్టిన కవలలు తండ్రి ఎవరో తెలియకుండా ఆ తండ్రి ఊళ్లోనే తిరుగుతూ పాడిన పాటలు పెడతాం. పుస్తె కట్టే ముహూర్తానికీ పరిత్యాగానికీ మధ్య ఓ పానకం గ్లాసు ఎడం కూడా ఉండదు. ఎవరికీ అది అపశకునంగా తోచదు. మా పంతులుగారిని అడిగితే తేలిగ్గా నవ్వేశారు. “రాముడి పాటలే కదండీ!” అన్నారు.

రాముడి పాటలేనా అవి? అరవై ఏళ్లు దాటినా ఈ పాటలు ఎందుకు పాతబడలేదని నేను వెతుక్కున్నప్పుడల్లా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంటాను.

ముందు కొంచెం చరిత్ర. తెలుగు సినిమా మాటలు నేర్చిన తొలినాళ్లలోనే, 1934లో, సి. పుల్లయ్య కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి ‘లవకుశ’ తీశాడు. పారుపల్లి సుబ్బారావు రాముడు, సీనియర్ శ్రీరంజని సీత. జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూశారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆ కథ మీద మోజు తీరలేదేమో, పాతికేళ్ల తర్వాత అదే పుల్లయ్య మళ్లీ దాన్నే తలకెత్తుకున్నాడు, ఈసారి రంగుల్లో. నిర్మాత ఎ. శంకరరెడ్డికి డబ్బు కటకట. 1958 ప్రాంతంలో మొదలైన సినిమా ఆగుతూ సాగుతూ అయిదేళ్లు పట్టింది. మధ్యలో పుల్లయ్య ఆరోగ్యం చెడితే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశాడు. 1963 మార్చి 29న, అంటే ఆ ఏటి ఉగాదికీ శ్రీరామనవమికీ నడుమ, విడుదలైంది. తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం. అంతకు రెండేళ్ల ముందు ‘సీతారామ కల్యాణం’లో రావణుడైన ఎన్.టి. రామారావు ఇందులో రాముడు. అంజలీదేవి సీత, నాగయ్య వాల్మీకి, కాంతారావు లక్ష్మణుడు. ఘంటసాల సంగీతం. పాటల్లో ఎక్కువ పాలు సముద్రాల రాఘవాచార్యది, కొసరాజు, సదాశివబ్రహ్మం తక్కినవాళ్లు. పెళ్లి పాట రాసిందీ సముద్రాలే. అంటే మన పందిట్లో మైకు ఒకే మనిషి కలంలోంచి ముందు పెళ్లినీ, తర్వాత ఆ పెళ్లికి పట్టిన గతినీ వినిపిస్తోందన్నమాట.

ఇవి సినిమా సంగతులు. నా బోటివాళ్లకు ‘లవకుశ’ మొదట సినిమా కానే కాదు. మాది సూర్యాపేట వైపు పల్లె. విజయవాడ హైవే పట్టుకుని వచ్చి కొత్తపేట, చైతన్యపురి, ఎల్బీనగర్‌లలో ఇళ్లు కట్టుకున్న వేల కుటుంబాల్లో మాదొకటి. ఊళ్లో ఉండగా సినిమా అంటే రేడియో. ఆకాశవాణి ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని ఒక కార్యక్రమం వేసేది. మూడు గంటల సినిమాను కత్తిరించి, మాటలూ పాటలూ మిగిల్చి, గంటకు కుదించి వినిపించేవారు. బొమ్మ లేని సినిమా. సీత ముఖం ఎలా ఉంటుందో, రథం ఏ రంగో మనమే ఊహించుకోవాలి. బియ్యం ఏరుకుంటూ మా అమ్మా, ఇంటి వెనక పిన్నమ్మలూ ‘లవకుశ’ అలా విన్నారు. థియేటర్లో చూసినవాళ్లు వాళ్లలో ఎందరో గానీ, మాటకు మాట అప్పజెప్పగలిగినవాళ్లు మాత్రం అందరూ. నేను చాలా ఏళ్ల తర్వాత బొమ్మ చూశాను. రంగులు బాగానే ఉన్నాయి. అడవి సెట్టు కొంచెం సెట్టులాగే ఉంది. పాటలు మాత్రం బొమ్మలో ఉన్నప్పటికంటే బొమ్మ లేనప్పుడే పెద్దవిగా ఉన్నాయనిపించింది.

ఎందుకలా అనిపించిందో ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. తెర మీద లవుడూ కుశుడూ చిన్న మగపిల్లలు. నెత్తిన ముడి, చేతిలో వీణ. వాళ్ల గొంతులు మాత్రం పి. లీల, పి. సుశీల. ఒకరు పాలక్కాడు పక్కనుంచి వచ్చిన మలయాళీ, ఇంకొకరు విజయనగరం అమ్మాయి. పిల్లల పాత్రలకు గాయనులు పాడటం ఆ రోజుల్లో మామూలే, అందులో వింతేమీ లేదు. తెర ఉన్నంతసేపూ మన కళ్లు ఆ రెండు గొంతుల్నీ పిల్లల కంఠాలుగా మార్చేసి చూపిస్తాయి. తెర తీసేయండి. రేడియోలోనో మైకులోనో వినండి. అప్పుడు వినిపించేది ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి రాముడికి రాముడి కథ చెబుతున్నారు. పుట్టుక దగ్గర్నుంచి పట్టాభిషేకం దాకా అంతా మెచ్చుకోలే. ఒక్క అపశ్రుతి లేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఆ కథంతా కమ్మగా సాగి ఏ చోటికి చేరబోతోందో వినేవాళ్లకు ముందే తెలుసు. అందుకే మెచ్చుకోలు సాగేకొద్దీ గుండె బరువెక్కుతుంది. నిలదీయడానికి గొంతు పెంచనక్కర్లేదని నాకు తెలిసింది ఈ పాటల్లోనే.

ఈ ఏర్పాటు సినిమావాళ్లు కల్పించింది కాదు. వాల్మీకి రామాయణం తనను గురించి తానే చెప్పుకునే మాట అది: ఈ కావ్యాన్ని కుశలవులు తంత్రీ లయలతో, స్థానాలూ మూర్ఛనలూ ఎరిగి పాడారని. ఉత్తరకాండలో నైమిశంలో అశ్వమేధం జరుగుతుంటే పిల్లలు రాముడి సభలోనే పాడతారు. విన్న రాముడు పద్దెనిమిది వేల బంగారు నాణేలు ఇమ్మంటాడు. పిల్లలు తీసుకోరు. కందమూలాలు తినేవాళ్లం, అడవిలో బంగారం ఏం చేసుకుంటామని వెనక్కిచ్చేస్తారు. పాటకు సంభావన వద్దన్న తొలి గాయకులు వీళ్లే కాబోలు. (ఈ ముక్క చదివినప్పుడు మా కాలనీ ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు చూపిద్దామనుకున్నాను. వాళ్ల అడ్వాన్సు సంగతి గుర్తొచ్చి మానుకున్నాను.)

ఆ సభలో రాముడి పని ఏమిటి? కూర్చుని వినడం. అంతే. విల్లు లేదు, యుద్ధం లేదు, ఆజ్ఞలు లేవు. లోకమంతా ఎవరి మాట వింటుందో ఆ మనిషి ఇద్దరు మునికుమారుల ముందు కూర్చుని తన బతుకంతా వేరేవాళ్ల నోట వింటున్నాడు. మన పురాణాల్లో దేవుళ్లు వరాలిస్తారు, శపిస్తారు, చక్రం వేస్తారు. కదలకుండా కూర్చుని, తన మీద వేసిన నేరారోపణ లాంటి పొగడ్తను చివరిదాకా వినే దేవుడు అరుదు. ‘లవకుశ’ పాటల ఆయువుపట్టు ఈ వినే రాముడిలో ఉందని నా నమ్మకం. పాడే పిల్లలకు తాము పాడుతున్నది తండ్రి ముందని తెలియదు. తెలిసింది వాల్మీకికీ, మనకూ. ఈ పాట వింటున్న ప్రతివాడూ రాజ్యంలో ఎవరికీ తెలియని గుట్టు తెలిసినవాడైపోతాడు. ఎన్నోసారి విన్నా ఆ గుట్టు పాతబడదు.

మా అమ్మమ్మకు ఈ కథ సినిమా రాకముందే తెలుసు. పుస్తకం వల్ల కాదు, ఆవిడకు చదువు రాదు. పాట వల్ల. తెలుగునాట ఆడవాళ్లు తమలో తాము పాడుకున్న రామాయణం వేరే ఒకటుంది. ఊర్మిళాదేవి నిద్ర, లంకాయాగం, కుశలవుల యుద్ధం లాంటివి. ఆంధ్ర సారస్వత పరిషత్తువారు అలాంటివాటిని ‘స్త్రీల రామాయణపు పాటలు’గా అచ్చు వేశారు. వెల్చేరు నారాయణరావు వాటి మీద 1991లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం లోకమంతా చదివింది. ఆ పాటల్లో రామరావణ యుద్ధం గురించి పెద్దగా పట్టింపు ఉండదు. పురుళ్లు, పెళ్లిళ్లు, అత్తాకోడళ్ల సంగతులు, ఆడపడుచు శాంత తమ్ముడైన రాముణ్ని చీవాట్లు పెట్టడం, ఇవీ అందులో ముఖ్యం. సీతను అడవికి పంపడానికి ఆ పాటలు చెప్పే కారణం కూడా వేరు. శూర్పణఖ సన్యాసిని వేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీసివ్వమని సీతను పోరుతుంది. నేను అతని ముఖం చూడలేదు, కాలి బొటనవేలే చూశానని సీత ఆ వేలొక్కటే గీస్తుంది. మిగతా ఒళ్లంతా శూర్పణఖే పూర్తి చేస్తుంది. ఆ బొమ్మ రాముడి కంటపడుతుంది. నిందకు మూలం ఊరి మాట కాదు, ఇంట్లో మొలిచిన అనుమానం. ఆడవాళ్లకు ఎక్కడ నొప్పి పుడుతుందో తెలుసు, అక్కడే వేలు పెట్టారు.

సినిమా ఆ దారి తొక్కలేదు. చాకలి దంపతుల తగవును తీసుకుంది. రేలంగి, గిరిజలతో దాన్ని నవ్వులాటగా నడిపించి, మంచి జానపద బాణీ పాట ఒకటి పెట్టింది. పాట భేషుగ్గా ఉంటుంది, మా వీధిలో పిల్లలు దానికి ఎగురుతారు కూడా. అయినా నాకు అక్కడ ఒక పేచీ ఉంది. వాల్మీకి ఉత్తరకాండలో చాకలివాడు లేడు. భద్రుడనే సహచరుడు పౌరులందరూ ఏమనుకుంటున్నారో వచ్చి రాజుకు చెబుతాడు. అంటే మాట అన్నది ఊరంతా, పెద్దా చిన్నా అందరూ. తర్వాతి కాలపు కథలు ఆ ఊరి పాపాన్నంతా మూటగట్టి ఒక చాకలి నెత్తిన పెట్టాయి. మా కొత్తపేటకు కొద్ది దూరంలో, కోఠీలో, ఇవాళ మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరుంది. నవమి నాడు మైకులో ఆ తగవు పాట వచ్చినప్పుడు నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. పాట ఆపమనను. గుర్తొస్తుంది, అంతే.

సినిమా ఒక మంచిపని మాత్రం చేసింది. పద్దెనిమిదో శతాబ్దపు కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ లోని పద్యాలను తెచ్చి వాడుకుంది. బడిలో చదువుకున్నవాడికి అవి పాఠం, చదువు లేనివాడికి నాటకం. ఈ రెంటి మధ్యా ఘంటసాల నిలబడ్డాడు. అంతకుముందు రంగస్థలం మీద పద్యమంటే రాగాలాపన. చివరి అక్షరం పట్టుకుని ఎంతసేపు సాగదీస్తే అన్ని ఒన్స్‌మోర్లు. మాట ఎక్కడ విరిగిందో, అర్థం ఎటుపోయిందో అడిగే నాథుడు లేడు. ఘంటసాల సాగతీతను కత్తిరించి మాటను నిలబెట్టాడు. ఏ మాట మీద ఊనాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ చోట రాగాన్ని కాస్త వదలాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియలేదనిపిస్తుంది. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో వారాలు చేసుకుని తిన్న మనిషి, క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లిన మనిషి. శాస్త్రం తెలిసీ శాస్త్రాన్ని పక్కన కూర్చోబెట్టగల నిబ్బరం ఆయన పాటలో ఉంది. రథం సీతను అడవి వైపు తీసుకుపోతుంటే నేపథ్యంలో ఆయనే పాడిన పాట ఒకటుంది. ఏ క్షణాన ఏం ముంచుకొస్తుందో ఎవరికి తెలుసన్న భావం దానిది. ఆ పాట మొదటి మాటలు ఇప్పుడు సామెతలాగా వాడుకలోకి వచ్చేశాయి. ఆసుపత్రి వరండాల్లో, భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో, చీటీ పాడుకున్నవాడు పరారైనప్పుడు, సినిమా చూడనివాళ్లు సైతం ఆ మాటలు అంటుంటారు. అది ‘లవకుశ’ లోదని చాలామందికి తట్టను కూడా తట్టదు. పాటకు అంతకన్నా పెద్ద సన్మానం ఏముంటుంది?

ఇంత గంభీరంగా మాట్లాడుకుంటున్నాం గానీ, ఈ పాటల మన్నికకు ఒక రేకు కారణం కూడా ఉంది. చెప్పింది మా మైకు సెట్టు కుర్రాడు. ఫలక్‌నుమా నుంచి సామాను తెస్తాడు, శ్రీరామనవమికీ వినాయక చవితికీ బోనాలకీ మా కాలనీకి అతనే. పందిరి గుంజలకు కట్టే పొడుగు గొట్టం మైకుల్లో లోతైన శబ్దం పలకదు. డ్రమ్ముల దడదడా, బాసు గిటారూ అందులోంచి వస్తే డబ్బా కొట్టినట్టుంటుంది. మనిషి గొంతు, అందులోనూ పైస్థాయిలో పలికే ఆడ గొంతు, వేణువు, వీణ, వయొలిన్ మాత్రం చీల్చుకుని వస్తాయి. మన చెవి దేనికి చురుగ్గా ఉంటుందో ఆ గొట్టం పలికించేదీ సరిగ్గా ఆ మేరే. ఆ రోజుల్లో పాట రికార్డు చేసినవాళ్లకు జనం రేపు వినబోయేది టూరింగ్ టాకీసు పెట్టెలోనూ, గుడి గొట్టంలోనూ అని తెలుసు. వెనక వాద్యాలు తక్కువ, గొంతు ముందు, మాట స్పష్టం. కాబట్టి నాలుగు వీధుల అవతల, ట్రాఫిక్ రొద దాటుకుని కూడా లీల, సుశీల అక్షరాలు అక్షరాలుగా చెవిని చేరతాయి. “కొత్త పాటలు పెడ్తె నా మైకు ఖరాబైందనుకుంటరు సార్. గివి పెడ్తె కొత్త మైకు తెచ్చినవా అని అడుగుతరు” అన్నాడు. సంగీత శాస్త్రం మీద ఇంతకన్నా పనికొచ్చే మాట నేను ఏ సభలోనూ వినలేదు.

కొత్త పాటల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2011లో బాపు ఇదే కథను ‘శ్రీరామరాజ్యం’గా తీశారు. ఇళయరాజా సంగీతం, జొన్నవిత్తుల సాహిత్యం, సీతగా నయనతార. చెడ్డ పాటలు కావు, చాలా మంచివి. చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రిపూట ఒంటరిగా వింటే, ఆ వాద్యగోష్ఠిలోని పొరలు ఒక్కొక్కటే విడివడుతుంటే, ముచ్చటేస్తుంది. అయినా మైకు మళ్లీ మళ్లీ పాతదాని దగ్గరికే పోతుంది. ఇది ఉత్త పాతమోజు కాదు. ఇళయరాజా పాట ఒక్కడు వినడానికి కట్టిన పాట. ఘంటసాల పాట వీధి వినడానికి కట్టిన పాట. కుశలవులు వీధిలో పాడారు కాబట్టి రెండోదే ఆ కథకు దగ్గర.

మతానికి సంబంధించిన సంగీత చిత్రాలు ఇతర లోకాల్లోనూ ఉన్నాయి. వాటిలో నిలిచినవేవో చూస్తే మన సంగతి ఇంకొంచెం తేటపడుతుంది. 1970లో ఆండ్రూ లాయిడ్ వెబ్బర్, టిమ్ రైస్ అనే ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ని ముందు గ్రామఫోన్ రికార్డుగానే తెచ్చారు. నాటకం తర్వాత, 1973లో నార్మన్ జ్యూయిసన్ సినిమా ఇంకా తర్వాత. దాంట్లో మొదటి పాట పాడేది క్రీస్తు కాదు, యూదా. పట్టించబోయేవాడు తన అనుమానాలన్నీ పాటగా కుమ్మరిస్తాడు. దైవదూషణ అని గోల చేసినవాళ్లున్నారు. అయినా యాభై ఏళ్లుగా జనం వింటున్నారు. మన కొత్తపేటలోనే గుడ్‌ఫ్రైడే నాడు చర్చి మైకులో 1978 నాటి ‘కరుణామయుడు’ పాటలు వస్తాయి. ఏ. భీంసింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తుగా వేసిన సినిమా. అందులోనూ మనుషుల గుండెల్ని పట్టి ఉంచేది సిలువ మోస్తున్నప్పటి పాటే గానీ మహిమలు చూపినప్పటిది కాదు. దేవుణ్ని కష్టంలోనో, ప్రశ్న ఎదుటో నిలబెట్టిన పాట నిలుస్తోంది. దేవుడు గెలిచేసిన పాట ఆ పండగ దాటగానే సద్దుమణుగుతోంది.

ఈ మధ్య నవమి పాటల్లో గెలుపు పాలు ఎక్కువైంది. ఊరేగింపు లారీ మీద నిలువెత్తు స్పీకర్లు, రాముడి పేరు మీద డీజే దరువు, కిటికీ అద్దాలు గలగలలాడేంత బాసు. ఆ పాటల్లో రాముడి విల్లు ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంటుంది. కుర్రాళ్లు చిందులేస్తారు, వయసు అలాంటిది, నేనేం తప్పుపట్టను. ఆ లారీ మా పందిరి ముందు నుంచి వెళ్లిన కాసేపూ ఇద్దరు రాముళ్లు ఒకే వీధిలో ఉంటారు. ఒకాయన గర్జిస్తున్నాడు, ఒకాయన వింటున్నాడు. లారీ దాటిపోయాక గొట్టం మైకులోంచి పిల్లల పాట ఆగిన చోటు నుంచే మళ్లీ వినబడుతుంది. ముసలివాళ్లు కుర్చీలు సర్దుకుంటారు. నాకు రెండో రాముడంటేనే భయం, భక్తి. గర్జించే రాజుకు దణ్ణం పెట్టి తప్పుకోవచ్చు. వినే రాజు ఎదుట ఉంటే మన నోట్లోంచి ఏం వస్తుందో మనమే చూసుకోవాల్సి వస్తుంది.

నవమి నాడు ఆడవాళ్లు ఈ పాటలు వినే తీరు చూస్తే ‘రాముడి పాటలే కదండీ’ అన్న పంతులుగారి మాట నిలవదు. మా వీధి చివర అష్టలక్ష్మి గుడికి రోజూ వెళ్లే ఒక పెద్దమ్మ ఉంది. వెనకటికి పండ్ల మార్కెట్ ఇక్కడున్నన్నాళ్లూ బత్తాయి కమీషన్ కొట్లో లెక్కలు రాసింది, మార్కెట్ బాటసింగారం పోయాక ఇంట్లోనే ఉంటోంది. కల్యాణం అయ్యేదాకా అందరికీ తలంబ్రాలు పంచుతూ హడావుడిగా తిరుగుతుంది. పిల్లలు తల్లిని ఓదార్చే పాట వచ్చినప్పుడు మాత్రం ఎక్కడున్నా కూలబడుతుంది. ఒకసారి నేను మాట కలిపితే, “రాముడు దేవుడే బిడ్డా, కాదన్నదెవరు? గాని ఆ తల్లి ఒక్కతే పిల్లల్ని సాకింది సూడు” అంది. భర్త సంగతి తానూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. మళ్లీ లేచి ప్రసాదం గిన్నె అందుకుంది. పెళ్లి రోజున ఎడబాటు పాట ఎందుకని నేను తల బద్దలు కొట్టుకున్నాను గానీ, ఆవిడకది అసలు ప్రశ్నే కాదు. పెళ్లంటే ఈ రెండూ అని ఆవిడకు ఎప్పుడో తెలుసు. మా అమ్మమ్మ పాడుకున్న పాటలకీ తెలుసు. సముద్రాలకూ ఘంటసాలకూ తెలిసే ఉంటుంది, లేకపోతే అంత తియ్యటి బాణీలో అంత చేదు కలిపేవారు కారు.

అయితే మైకు ఎప్పుడూ పూర్తి కథ వినిపించదు. ఇది నేను కనిపెట్టింది. మా మైకు కుర్రాడి పెన్‌డ్రైవులో ‘లవకుశ’ ఫోల్డరు ఉంది. పిల్లల పాటలన్నీ ఉన్నాయి, చాకలి పాట ఉంది, ఘంటసాల రథం పాట ఉంది. చివర సీత భూమిలోకి వెళ్లిపోయే ఘట్టం మాత్రం లేదు. కల్యాణం నాడు సీత అడవికి వెళ్లొచ్చు, ఆశ్రమంలో పిల్లల్ని పెంచొచ్చు. తిరిగి రానని చెప్పి భూమిలోకి వెళ్లడానికి మాత్రం పందిట్లో ఎవరూ ఒప్పుకోరు. రాముడు అన్నీ విన్నాడు గానీ, ఆఖరి మాట సీతది. ఆ మాట వినిపించకపోతే ఎలాగని నాకు పట్టుదల కలిగింది. ఈ ఏడు కాలనీ కమిటీ మీటింగులో లేచి, రేడియోవాళ్లు వేసినట్టు శబ్దచిత్రం మొత్తం చివరిదాకా పెడదామన్నాను.

సెక్రటరీ గారు పానకంలో మిరియాలు ఎంత వెయ్యాలన్న చర్చలో ఉన్నారు. పెద్దమ్మ మాత్రం, “పెట్టుండ్రి, నేను వింట” అంది. పంతులుగారు చాలాసేపు ఆలోచించి, “పెళ్లినాడు వద్దు బాబూ, మర్నాడు దశమి, పట్టాభిషేకం ఉంటుందిగా, అప్పుడు పెట్టుకోండి” అని మధ్యేమార్గం చెప్పారు. అందరూ సరేనన్నారు. నేను సంతోషంగా మైకు కుర్రాడికి ఫోన్ చేశాను.

“దశమికా సార్? ఆ రోజు కర్మన్‌ఘాట్ కాడ పెండ్లికి బుక్కయిపోయింది” అన్నాడు.